రబ్బీ లేని సినగాగ్: చిన్న యూదు సమాజాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

యూదులంటే మనలో చాలామందికి బైబిల్లో చదివినవాళ్ళు, లేదా ఇజ్రాయెల్ వార్తల్లో కనబడేవాళ్ళు. కానీ ఢిల్లీ హుమాయూన్ రోడ్డులో, కొచ్చిలో, ముంబై దగ్గర అలీబాగ్ పల్లెల్లో, మన గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కూడా యూదు సమాజాలున్నాయి. దేశం మొత్తం మీద వాళ్ళ సంఖ్య అయిదు వేలకు లోపే. ఈ సమాజాల్లో చాలావాటికి జీతం తీసుకునే రబ్బీ ఉండడు. ఉద్యోగాలు, వ్యాపారాలు, కూలిపనులు చేసుకునే మనుషులే ప్రార్థన నడుపుతారు, పండగ చేస్తారు, ఎవరైనా పోతే దగ్గరుండి అన్నీ చూసుకుంటారు. అలాంటి చిన్న సమాజం రోజూ ఎలా బతుకుతుందని అడిగేవాళ్ళ కోసం ఈ జవాబులు. ఉదాహరణలు ఎక్కువగా మన దేశం నుంచే తీసుకున్నాను.

రబ్బీ లేకుండా ప్రార్థన చెల్లుతుందా?

చెల్లుతుంది. మనకి గుళ్ళో పూజారి, చర్చిలో పాస్టర్ అలవాటు కాబట్టి రబ్బీని కూడా ఆ కోవలోనే చూస్తాం. రబ్బీ అంటే ధర్మశాస్త్రం చదువుకున్న గురువు. ఏది తినొచ్చు, ఏది కూడదు, ఈ పెళ్ళి చెల్లుతుందా లాంటి సందేహాలు తీర్చేవాడు. దేవుడికీ మనిషికీ నడుమ నిలబడే అధికారం ఆయనకి ప్రత్యేకంగా ఏమీ లేదు. యెరూషలేములో ఆలయం ఉన్నన్నాళ్ళూ బలులు అర్పించే యాజకులు ఉండేవారు. క్రీ.శ. 70లో రోమన్లు ఆ ఆలయాన్ని కూల్చాక ఆ పద్ధతి ఆగిపోయింది. అప్పట్నించీ యూదుల ఆరాధనంటే పుస్తకం, గొంతు, పక్కన మరికొందరు మనుషులు.

హీబ్రూ చదవడం వచ్చి, రాగాలు తెలిసి, నలుగురూ ఒప్పుకున్న మనిషి ఎవరైనా ముందు నిలబడి ప్రార్థన నడపొచ్చు. అలా నడిపేవారిని హజ్జాన్ అంటారు. పెళ్ళికి కూడా శాస్త్రం అడిగేది ఒప్పంద పత్రం, ఉంగరం, ఇద్దరు సాక్షులు. ఇజ్రాయెల్లో గానీ మరికొన్ని దేశాల్లో గానీ పెళ్ళి రిజిస్టర్ కావాలంటే రబ్బీ ఉండాలంటారు. అది ఆయా దేశాల ఏర్పాటు.

కొంకణ తీరంలోని బెనె ఇజ్రాయెల్ యూదుల చరిత్రే దీనికి పెద్ద సాక్ష్యం. ఓడ మునిగి నవ్‌గావ్ దగ్గర ఒడ్డుకు చేరిన ఏడు జంటల సంతతి తామని వాళ్ళు చెప్పుకుంటారు. గానుగాడించి నూనె తీసేవారు, శనివారం మాత్రం గానుగ కట్టేవారు కాదు. అందుకే ఊళ్ళో వాళ్ళని శనివార్ తేలీలు అనేవారు. కొన్ని వందల ఏళ్ళు వాళ్ళకి రబ్బీ లేడు, తోరా (మోషే అయిదు కాండాల) చుట్ట లేదు, హీబ్రూ కూడా దాదాపు మరిచిపోయారు. సున్తీ, శనివారం విశ్రాంతి, చేపల్లో ఏవి తినాలో ఏవి కూడదో అన్న పట్టింపు, ‘షెమా’ అనే విశ్వాస వాక్యం, ఇవి మిగిలాయి. వాటిని నిలబెట్టింది ఇళ్ళల్లోని ఆడవాళ్ళూ మగవాళ్ళూ. ముంబైలో మొదటి సినగాగ్ 1796లో కట్టించిందీ పండితుడు కాదు, ఈస్టిండియా కంపెనీ సైన్యంలో అధికారిగా పనిచేసిన సామ్యూల్ ఎజికియెల్ దివేకర్. టిప్పు సుల్తాన్ చెరలోంచి ప్రాణాలతో బయటపడితే ప్రార్థనా మందిరం కడతానని మొక్కుకున్నాడని ఆ సమాజం చెప్పుకుంటుంది.

మరి రబ్బీ లేకపోతే కుదరని పనులేవీ లేవా?

ఉన్నాయి. విడాకుల పత్రం ఇప్పించాలన్నా, బయటివాళ్ళని మతంలోకి తీసుకోవాలన్నా ముగ్గురు సభ్యుల ధర్మ న్యాయస్థానం కూర్చోవాలి. తోరా చుట్ట రాసే లేఖకుడు, సున్తీ చేసే మొహెల్, మాంసానికి జంతువుని శాస్త్రప్రకారం కోసే షోహెట్ కూడా శిక్షణ పొందినవాళ్ళే కావాలి. మిగతా సందేహాలకి పెద్ద ఊళ్ళో ఉన్న రబ్బీకి ఫోన్ చేసి అడుగుతారు.

పదిమంది ఉండాలంటారు, ఆ లెక్కేమిటి?

దాన్ని మిన్యాన్ అంటారు. పదమూడేళ్ళు నిండిన యూదులు పదిమంది ఒకచోట చేరితేనే అది ‘సమాజం’ అవుతుంది. మోషే పంపిన పన్నెండుమంది వేగులవాళ్ళలో చెడ్డ కబురు తెచ్చిన పదిమందినీ గ్రంథం ‘సమాజము’ అని పిలిచింది కదా, అక్కణ్ణించి ఈ లెక్క తీశారు తల్ముదు (యూదుల ధర్మ చర్చల గ్రంథం) పండితులు. నాకిందులో బాగా నచ్చే విషయం ఒకటుంది. ఆ పదిమందీ పుణ్యాత్ములేమీ కారు, భయపడి వెనక్కి తగ్గినవాళ్ళు. కాబట్టి మిన్యాన్‌లో చేరడానికి భక్తి కొలమానం లేదు. తొమ్మిదిమంది మహా పండితులున్నా మిన్యాన్ కాదు. హీబ్రూలో ఒక్క అక్షరం రాని పదోవాడు వచ్చి కూర్చుంటే అవుతుంది.

పదిమంది లేకపోతే ఎవరికి వాళ్ళు ప్రార్థన చదువుకోవచ్చు. కాకపోతే కొన్ని భాగాలు వదిలెయ్యాలి: పెద్ద ప్రార్థనలో ‘పరిశుద్ధుడు, పరిశుద్ధుడు’ అని అందరూ కలిసి చెప్పేది, తోరా చుట్ట తీసి ఆశీర్వచనాలతో చదివేది, చనిపోయినవాళ్ళ కోసం చెప్పే కద్దీష్.

ఆ పదోమనిషి రాకపోతే ఏం చేస్తారు?

చిన్న సమాజంలో వారంవారం తప్పని బాధ ఇది. ముఖ్యంగా కద్దీష్ ఉన్న రోజున. తండ్రో తల్లో పోయినవాళ్ళు పదకొండు నెలలపాటు కద్దీష్ చెబుతారు. ఆ తర్వాత ఏటా అదే తిథికి. అరామిక్ భాషలో ఉండే ఆ నాలుగు మాటల్లో చావు ఊసే ఉండదు, అంతా దేవుడి స్తుతి. కానీ ఒంటరిగా చెప్పడానికి వీల్లేదు. పదిమంది ఉండి, వింటూ ‘ఆమెన్’ అనాలి. దుఃఖంలో ఉన్న మనిషిని ఇంట్లో ఒక్కణ్ణీ ఉండిపోనివ్వకుండా జనం మధ్యకి లాక్కొచ్చే ఏర్పాటు ఇది.

అందుకని ముందు రోజు సాయంత్రం నుంచే ఫోన్లు మొదలవుతాయి. ‘రేపు మా నాన్నగారి సంవత్సరీకం, రాగలరా?’ ఎనిమిది ఖాయం, ఒకాయన ఊళ్ళో లేడు, ఇంకొకాయనకి మోకాలి నొప్పి. మోకాలి నొప్పి ఆయన్ని ఎవరో కారులో తీసుకొస్తారు. శనివారం వాహనం ఎక్కకూడదనే పట్టింపు ఉన్నచోట ఆయన నడవగలిగినంత దూరంలో ఎవరింటికో అందరూ చేరతారు. ప్రార్థన మొదలుపెట్టాల్సిన వేళకి తొమ్మిదిమంది కూర్చుని గుమ్మం వైపు చూస్తుంటారు. ముందుగా చెప్పుకోగలిగిన కీర్తనలు చెప్పుకుంటూ ఆలస్యం చేస్తారు. పదోవాడు చెప్పులు విప్పుతున్న చప్పుడు వినబడగానే హజ్జాన్ గొంతు సవరించుకుంటాడు. మనుషుల్ని వేలెత్తి ఒకటి రెండు అని లెక్కపెట్టకూడదన్న ఆచారం వల్ల చాలాచోట్ల పది మాటలున్న ఒక కీర్తన వాక్యాన్ని మాటకొకరు చొప్పున అనుకుంటూ లెక్క చూస్తారు.

కొచ్చి మట్టన్‌చేరిలోని పరదేశి సినగాగ్ (1568) లాంటి చోట్ల ఈ కొరత ఏనాడో దాటరాని స్థితికి వచ్చింది. సెలవులకు వచ్చిన విదేశీ యూదులు కలిస్తేనే అక్కడ మిన్యాన్.

ఆడవాళ్ళని లెక్కలోకి తీసుకుంటారా?

పాత ఆచారాన్ని వదలని ఆర్థడాక్స్ సంప్రదాయంలో తీసుకోరు. ఆచారాల్ని కాలానికి తగ్గట్టు మార్చుకున్న రిఫార్మ్ సమాజాల్లోనూ, ఈ రెంటికీ నడుమ ఉండే కన్జర్వేటివ్ సమాజాల్లో అత్యధిక భాగంలోనూ తీసుకుంటారు. మన దేశంలో ఎక్కువ సినగాగులు పాత పద్ధతివే, ఆడవాళ్ళకి మేడమీద గ్యాలరీనో, పక్కన వేరే వరుసో ఉంటుంది.

దీనికి ఢిల్లీ ఒక మినహాయింపు. హుమాయూన్ రోడ్డులోని జూడా హయామ్ సినగాగ్ 1956లో కట్టింది. పక్కనే శ్మశాన వాటిక. నగరంలో స్థిరపడిన యూదు కుటుంబాలు చేతివేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. దౌత్య కార్యాలయాలవాళ్ళు, వ్యాపారం మీద వచ్చినవాళ్ళు, హిమాలయాలకి పోతూ ఆగిన ఇజ్రాయెలీ కుర్రకారు, ఇలా శుక్రవారం ఎవరొస్తారో ఎవరికీ తెలియదు. దాన్ని ఏళ్ళతరబడి నడిపిన ఎజికియెల్ ఐజాక్ మాలేకర్ గారు బెనె ఇజ్రాయెల్ వారు, వృత్తిరీత్యా న్యాయవాది. పత్రికలు రబ్బీ అని రాసినా ఆయన శిక్షణ పొందిన రబ్బీ కారు, ఆ సేవకి జీతమూ తీసుకోలేదు. ఆడవాళ్ళనీ మిన్యాన్‌లో లెక్కించారు, తోరా చదవనిచ్చారు. వచ్చిన కొద్దిమందిలోంచి కూడా సగాన్ని పక్కన కూర్చోబెట్టి ‘సరిపోలేదు’ అనడం కంటే ఆయన చేసిందే న్యాయమని నా అభిప్రాయం. పాత పద్ధతిని వదలనివాళ్ళ పట్టుదలనీ నేను తక్కువ చెయ్యను. ఆ పట్టుదలే లేకపోతే కొంకణంలో శనివారం గానుగ ఆగేది కాదు.

శుక్రవారం సాయంత్రం అసలేం జరుగుతుంది?

యూదులకి రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. కాబట్టి విశ్రాంతి దినమైన షబ్బాత్ శుక్రవారం పొద్దుగూకగానే వస్తుంది. అస్తమయానికి పద్దెనిమిది నిమిషాల ముందే ఇల్లాలు దీపాలు వెలిగించి, కళ్ళు మూసుకుని ఆశీర్వచనం చెబుతుంది. ఆ తర్వాత శనివారం చుక్కలు పొడిచేదాకా నిప్పు ముట్టకూడదు, డబ్బు ముట్టకూడదు, వంట కూడదు, రాత కూడదు. ఎంత కట్టుదిట్టంగా పాటిస్తారన్నది ఇంటింటికీ మారుతుంది.

సినగాగ్‌లో షబ్బాత్‌ని పెళ్ళికూతురిలా ఆహ్వానించే పాట ఒకటి పాడతారు. చివరి చరణానికి అందరూ లేచి గుమ్మం వైపు తిరిగి తల వంచుతారు. తర్వాత ద్రాక్షరసం మీద కిద్దూష్ అనే ఆశీర్వచనం చెబుతారు. మన దేశంలో శాస్త్రానికి సరిపోయే వైన్ దొరకడం కష్టం కాబట్టి బెనె ఇజ్రాయెల్ ఇళ్ళల్లో ఎండు ద్రాక్ష నానబెట్టి, పిసికి, వడకట్టి షర్బత్ చేసుకుంటారు. అదే కిద్దూష్ పాత్రలో పోస్తారు.

చిన్నచోట ప్రార్థన కంటే తర్వాతి భోజనమే ఎక్కువసేపు సాగుతుంది. తలో గిన్నె తెస్తారు. కొత్తగా వచ్చినవాడు ఒంటరిగా తిరిగి హోటల్ గదికి పోవడం ఆ సమాజానికి తలవంపులు. ‘ఈ రాత్రి ఎక్కడ తింటున్నారు?’ అన్నది కొత్తవారిని పలకరించే మొదటి మాటల్లో ఒకటి.

శనివారం పొద్దున తోరా చదవడానికి ఎవరికి వస్తుంది?

ఇదే కష్టమైన పని. తోరా చుట్ట తోలు మీద చేత్తో రాసింది. అందులో అచ్చుల గుర్తులు ఉండవు, విరామ చిహ్నాలు ఉండవు, స్వరాల గుర్తులూ ఉండవు. చదివేవాడు ఉచ్చారణనీ రాగాన్నీ ముందే కంఠతా పట్టి రావాలి. మన వేదపాఠంలో స్వరం తప్పితే ఎలా ఆపుతారో ఇక్కడా అంతే, పక్కన అచ్చు పుస్తకం పట్టుకుని నిలబడ్డ ఇద్దరు తప్పు వినగానే సరిచేస్తారు. అయిదు కాండాలనీ యాభై నాలుగు భాగాలు చేసి ఏడాదిలో పూర్తిచేస్తారు.

చదవగలిగేవాళ్ళు ఒకరిద్దరే ఉంటే? ఇంకొందరు నేర్చుకుని, నాలుగు వారాలకి నలుగురు పంచుకుంటారు. వారమంతా బస్సులో, వంటగదిలో రికార్డింగ్ వింటూ తన భాగం నేర్చుకుంటారు. ఎవరూ లేని వారం అచ్చుపుస్తకంలోంచి చదివి, అర్థం చెప్పుకుని, మాట్లాడుకుంటారు. ప్రసంగం చేసే గురువు లేడు కాబట్టి వారానికొకరు రెండు మాటలు చెబుతారు. ఈ వారం డాక్టరు, వచ్చే వారం బ్యాంకు ఉద్యోగి, ఆపై వారం కాలేజీ అమ్మాయి. ఈ పద్ధతిలో జనం నేర్చుకునేంతగా ఒక్క పండితుడి ఉపన్యాసం విని నేర్చుకోరని గట్టిగా నమ్ముతాను.

బాగ్దాదీ (ఇరాక్ వైపు నుంచి వచ్చిన యూదులు), బెనె ఇజ్రాయెల్, కొచ్చి సినగాగుల్లో తోరా చుట్టని గుడ్డ తొడుగులో పెట్టరు. గుండ్రటి కర్ర లేదా వెండి పెట్టెలో నిలువుగా ఉంచి, పెట్టె తెరిచి, నిలబెట్టే చదువుతారు. అక్షరాలకి వేలు తగలకుండా చిన్న వెండి కడ్డీతో చూపిస్తారు.

ఎవరెవరు ఏ పనులు చేస్తారు?

హజ్జాన్ కాకుండా గబ్బాయి ఉంటాడు. ఎవర్ని తోరా దగ్గరికి పిలవాలి, లెక్కలు, చందాలు అన్నీ ఆయన చేతిలో. బెనె ఇజ్రాయెల్ పాత పద్ధతిలో పెద్దని ముకద్దమ్ అనేవారు. షమాష్ తాళాలు, దీపాలు, పుస్తకాలు చూసుకుంటాడు. కాగితం మీద ఇలా నలుగురు. మరీ చిన్నచోట నాలుగు పనులూ ఒకే మనిషి నెత్తిన పడతాయి. ఇరవై, ముప్ఫై ఏళ్ళు తాళంచెవి జేబులో పెట్టుకుని తిరిగిన మనిషికి ఒంట్లో బాగా లేకపోతే ఆ వారం తలుపు తెరుచుకోదు. ఇలాంటి సమాజాలకి అసలు ప్రమాదం ఇదే. తాళంచెవి కనీసం ముగ్గురి దగ్గరుండాలి, ప్రార్థన నడపడం కనీసం ముగ్గురికి రావాలి.

కోల్‌కతాలో యూదులు వేళ్ళమీద మిగిలారు. 1884లో కట్టిన మాగెన్ డేవిడ్ సినగాగ్‌ని తరాలుగా కనిపెట్టుకుని ఉన్నవి ముస్లిం కుటుంబాలు. పాలరాతి నేల తుడిచేదీ, దీపపు గుత్తులు మెరిపించేదీ వాళ్ళే.

ఖర్చులకి డబ్బెక్కడిది?

సభ్యత్వ రుసుము, చందాలు, పాతకాలపు ట్రస్టుల ఆదాయం. షబ్బాత్‌నాడు డబ్బు ముట్టరు కాబట్టి పళ్ళెం తిప్పరు. తోరా దగ్గరికి పిలుపు, తోరా చుట్టలుండే మందసం తలుపు తెరిచే గౌరవం లాంటివాటికి వేలంపాట పెడతారు. ఇంతిస్తానని నోటితో చెప్పి తర్వాత కడతారు.

తిండి సంగతేమిటి? కోషెర్ (శాస్త్రం ఒప్పే) మాంసం ఎక్కడ దొరుకుతుంది?

ముంబైలో కూడా సులువుగా దొరకదు. అందుకే సినగాగ్ భోజనం చాలాచోట్ల శాకాహారమో, పొలుసూ రెక్కా ఉన్న చేపో. మాంసాన్నీ పాలనీ కలపకూడదన్న నియమం ఉంది కాబట్టి కూరల్లో పెరుగు బదులు కొబ్బరిపాలు పోస్తారు.

మలీదా గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. ఇది బెనె ఇజ్రాయెల్ వాళ్ళకే ప్రత్యేకం. అటుకులు కడిగి మెత్తబడ్డాక పచ్చికొబ్బరి కోరు, పంచదార, యాలకుల పొడి, కిస్‌మిస్, జీడిపప్పు కలుపుతారు. పెద్ద పళ్ళెంలో గుట్టగా పోసి చుట్టూ పళ్ళు పేరుస్తారు. మొక్కు తీరినా, పెళ్ళి కుదిరినా, కొత్తిల్లు చేరినా, జబ్బు నయమైనా మలీదా చేసి ఏలియా ప్రవక్తని తలుచుకుంటూ ‘ఎలియాహు హన్నాబీ’ పాడతారు. అటుకులకొక ఆశీర్వచనం, చెట్టు పళ్ళకొకటి, నేలమీద పండేవాటికొకటి విడివిడిగా చెప్పి పంచుతారు. అలీబాగ్ దగ్గర ఖండాలా పల్లెలో రాతిమీద ఏలియా రథచక్రాల జాడ ఉందని నమ్మి అక్కడికీ మొక్కు తీర్చుకోవడానికి పోతారు. ఈ మొత్తం తంతుకి రబ్బీ అక్కర్లేదు. అటుకులు కలిపే చెయ్యి కావాలి, పాట తెలిసిన పెద్దావిడ కావాలి.

పండగల తేదీలు ఏటా ఎందుకు మారతాయి?

మన పంచాంగంలాగే చాంద్రమాన నెలలు, సౌర సంవత్సరం కలిపిన లెక్క కాబట్టి. మనకి అధికమాసం వచ్చినట్టే వాళ్ళకి పందొమ్మిదేళ్ళలో ఏడుసార్లు నెల అదనంగా వస్తుంది. పస్కా పౌర్ణమికి, పర్ణశాలల పండగ పౌర్ణమికి మొదలవుతాయి. ఎస్తేరు కథని తలుచుకునే పూరీమ్ పండగ చాలా ఏళ్ళు హోలీ రోజుల్లోనే వస్తుంది. అందుకే బెనె ఇజ్రాయెల్ దాన్ని మరాఠీలో హోలీ పండగ పేరుతోనే పిలుచుకున్నారు.

చిన్న సమాజానికి ఏడాదిలో గుండె నిండే రోజు యోమ్ కిప్పూర్, అంటే ప్రాయశ్చిత్త దినం. ఇరవై అయిదు గంటల కటిక ఉపవాసం, తెల్లబట్టలు, పొద్దున్నుంచి రాత్రిదాకా ప్రార్థన. మామూలు రోజుల్లో కనబడనివాళ్ళు కూడా ఆ రోజొస్తారు. పర్ణశాలల పండగకి సినగాగ్ ఆవరణలో కొబ్బరాకులతో పందిరి వేస్తారు, ఆకుల సందుల్లోంచి చుక్కలు కనబడాలన్నది నియమం.

పిల్లలకి ఎవరు నేర్పుతారు?

అమ్మానాన్నలు, హజ్జాన్, సెలవులకి వచ్చిన బంధువులు, ఈమధ్య వీడియో కాల్ గురువులు. పదమూడేళ్ళకి అబ్బాయి బార్ మిత్స్వా, అంటే అప్పట్నించీ మిన్యాన్ లెక్కలోకి వస్తాడు. తొమ్మిదిమంది ఉన్న ఊళ్ళో ఒక కుర్రాడు పదమూడు దాటడమంటే ఊరంతటికీ సంబరం.

భాష విషయంలో పెద్దవాళ్ళు చేసిన మంచిపని ఒకటుంది. హీబ్రూతోపాటు ఇంటిభాషని దగ్గర పెట్టుకున్నారు. పస్కా రాత్రి చదివే పుస్తకాన్ని 1874లోనే పుణెలో మరాఠీ అనువాదంతో, బొమ్మలతో అచ్చువేశారు. అందులో పులియని రొట్టె చేస్తున్న ఆడవాళ్ళు చీర కట్టుకుని ఉంటారు. కొచ్చి ఆడవాళ్ళు బైబిలు కథల్నీ పెళ్ళిపాటల్నీ మలయాళంలో కట్టి, నోటుపుస్తకాల్లో రాసుకుని, తల్లి నుంచి కూతురికి అందించారు.

ఎవరైనా చనిపోతే?

వీలైతే ఆ రోజే, లేకపోతే మర్నాడు ఖననం. దేహాన్ని కడిగి, కుట్టుపని తక్కువగా ఉండే తెల్ల నూలు వస్త్రం తొడిగే పని సమాజంలోని వాళ్ళే చేస్తారు. మగవాళ్ళకి మగవాళ్ళు, ఆడవాళ్ళకి ఆడవాళ్ళు. లక్షాధికారికీ బీదవాడికీ ఒకటే బట్ట. డబ్బు తీసుకోరు, చేసినట్టు చెప్పుకోరు. పోయినవాళ్ళు తిరిగి కృతజ్ఞత చెప్పలేరు కాబట్టి దీన్ని అన్నిటికంటే నిజమైన దయ అంటారు. రబ్బీ లేని ఊళ్ళో కూడా ఈ పని వచ్చినవాళ్ళు ఉండి తీరాలి. కొత్తగా ఒక సమాజం ఏర్పడితే సినగాగ్ కంటే ముందు శ్మశానానికి స్థలం చూసుకోవడం యూదుల్లో పాత అలవాటు.

తర్వాత ఏడు రోజులు ఇంటివాళ్ళు నేలమీదో, ఎత్తు తక్కువ పీటలమీదో కూర్చుంటారు. పొయ్యి వెలిగించే పని ఇరుగుపొరుగుది. ప్రార్థనకి పదిమందీ ఆ ఇంటికే వస్తారు.

గుంటూరు జిల్లాలో నిజంగా యూదులున్నారా?

ఉన్నారు. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే పేరుతో కొన్ని పదుల కుటుంబాలు. మాదిగ కులస్థులు, ఒక తరం క్రితందాకా క్రైస్తవులు. ఇజ్రాయెల్ పన్నెండు గోత్రాల్లో ఎఫ్రాయిమ్ గోత్రం తమదని, తరతరాల జ్ఞాపకం అలా చెబుతోందని అంటారు. 1980ల చివర్లో షమూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి అన్నదమ్ముల నాయకత్వంలో బాహాటంగా యూదు ఆచారాలు మొదలుపెట్టారు. ఊళ్ళో చిన్న సినగాగ్ కట్టుకున్నారు. దేశవిదేశాల నుంచి యూదులు, పరిశోధకులు వచ్చి చూశారు, కొందరు ఉండి హీబ్రూ నేర్పారు.

శనివారం విశ్రాంతి అంటే నెల జీతగాడికి ఒకటి, వ్యవసాయ కూలీకి మరొకటి. మిరపకోతల రోజుల్లో శనివారం పనిలోకి పోకపోతే ఆ రోజు కూలి పోయినట్టే. అయినా పాటించాలని పూనుకున్న మనుషుల్ని చూసి ‘వీళ్ళు అసలు యూదులేనా?’ అని మొట్టమొదట అడగడం నాకు మర్యాదగా తోచదు. ఇజ్రాయెల్ మతపీఠం వాళ్ళని గుర్తించలేదన్నది వాస్తవం. బెనె ఇజ్రాయెల్ వాళ్ళని కూడా మొదట అనుమానించి, వాళ్ళ పెళ్ళిళ్ళకి అడ్డం చెప్పి, వాళ్ళు ఇజ్రాయెల్లో ఏళ్ళు పోరాడాక 1964లో గానీ పూర్తి యూదులని ఒప్పుకోలేదన్నదీ వాస్తవమే. మిజోరం, మణిపూర్లలోని బెనె మెనషె వాళ్ళకి 2005లో గుర్తింపు వచ్చింది, అయినా ఇజ్రాయెల్లో స్థిరపడటానికి మతస్వీకార తంతు తప్పలేదు.

ఇంకో చిక్కు మన చట్టంలో ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, తర్వాతి సవరణల ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందువులకీ, సిక్కులకీ, బౌద్ధులకీ మాత్రమే. యూదుడినని కాగితం మీద రాసుకున్న దళితుడు ఆ రక్షణ పోగొట్టుకుంటాడు. పొట్టకూటికీ విశ్వాసానికీ మధ్య ఇలాంటి ఎంపిక పెట్టడం అన్యాయమని చెప్పకుండా ఉండలేను.

ఇంత చిన్న సమాజాల్లో గొడవలు ఉండవా?

ఎందుకుండవు? రాగం మీద, డబ్బు మీద, తాళంచెవి మీద, అన్నిటికంటే ఎక్కువగా వంశం మీద. కొచ్చి పరదేశి సినగాగ్‌లో విముక్తి పొందిన బానిసల సంతతి అని ముద్ర వేసిన కుటుంబాలని తరాలపాటు లోపల బెంచీమీద కూర్చోనివ్వలేదు, తోరా దగ్గరికి పిలవలేదు. ఆ కుటుంబాల్లోంచి వచ్చిన న్యాయవాది ఎ.బి. సేలమ్ గాంధీజీ దారిలో సినగాగ్‌లోనే సత్యాగ్రహం చేశాడు. కోర్టుకెక్కలేదు, వేరే మందిరం కట్టుకోలేదు. తనని వద్దన్నచోటికే ప్రతి ప్రార్థనకీ పట్టుగా వచ్చి కూర్చున్నాడు. ఏళ్ళు పట్టింది గానీ ఆంక్షలు ఒక్కొక్కటే సడలాయి. ఆయన్ని యూదుల గాంధీ అనేవారు. ఇవాళ ఆ సినగాగ్‌కి పోయే వీధికి ఆయన పేరే ఉంది.

మనుషులు తగ్గిపోతూ ఉంటే చివరికి ఏమవుతుంది?

1940ల చివర్లో మన దేశంలో పాతిక వేలకి పైగా యూదులుండేవారు. చాలామంది ఇజ్రాయెల్ వెళ్ళారు, కొచ్చి యూదులైతే 1950ల్లో ఊళ్ళకి ఊళ్ళే కదిలారు. వాళ్ళని ఇక్కడ ఎవరూ వేధించలేదు. పవిత్రభూమికి పోవాలన్న కోరిక తీసుకుపోయింది. ఉన్నవాళ్ళు మాత్రం మిన్యాన్‌కి మనుషుల్ని వెతుక్కోవాల్సి వచ్చింది. మట్టన్‌చేరి కడవుంభాగం సినగాగ్ లోపలి చెక్కపనిని విప్పి తీసుకుపోయి యెరూషలేములోని ఇజ్రాయెల్ మ్యూజియంలో మళ్ళీ నిలబెట్టారు. చేందమంగళం, పరవూరు సినగాగులు ఇప్పుడు మ్యూజియంలు. మట్టన్‌చేరి యూదు వీధిలో ఎంబ్రాయిడరీ దుకాణం నడిపిన సారా కోహెన్ గారు 2019లో తొంభై ఆరేళ్ళ వయసులో పోయారు. కడదాకా ఆమెని చూసుకున్నదీ, దుకాణం నిలబెట్టిందీ తాహా ఇబ్రహీం అనే ముస్లిం. క్వీనీ హలేగువా గారు 2024లో పోవడంతో పరదేశి యూదు స్త్రీలలో ఆఖరి మనిషి పోయినట్టయింది.

ఇంకోవైపు మహారాష్ట్ర 2016లో, గుజరాత్ 2018లో యూదులకి మైనారిటీ హోదా ఇచ్చాయి. ఠాణే, ముంబై, అహ్మదాబాద్‌లలో ప్రార్థనలు నడుస్తూనే ఉన్నాయి.

అమెరికాలో కూడా ఇలా రబ్బీ లేని సమాజాలుంటాయా?

చాలా ఉన్నాయి. అక్కడ రెండు రకాలు. దక్షిణాది చిన్న పట్టణాల్లో దుకాణాలు నడిపిన యూదు కుటుంబాల పిల్లలు నగరాలకి పోగా మిగిలిన పాత సమాజాలు ఒకటి. రెండోది కావాలనే రబ్బీ వద్దనుకుని స్నేహితులు కలిసి పెట్టుకున్న ‘హవురా’లు. 1968లో మసాచుసెట్స్‌లో మొదలైన హవురాత్ షాలోమ్ ఈ రెండో రకానికి దారి చూపింది. అక్కడున్న మన తెలుగువాళ్ళని సహోద్యోగులు బార్ మిత్స్వాకో, ఏడు రోజుల పరామర్శకో పిలవడం మామూలే. పరామర్శకి వెళ్తే తలుపు కొట్టకుండా లోపలికి పోయి, ఇంటివాళ్ళు మాట్లాడేదాకా మౌనంగా కూర్చోవాలి. పూలు తీసుకుపోకూడదు, తినడానికి ఏదైనా పట్టుకెళ్ళొచ్చు. అది కోషెర్ ఇల్లా కాదా అని ముందే కనుక్కోవడం మంచిది, అనుమానంగా ఉంటే పళ్ళు తీసుకెళ్ళండి.

యూదులు కానివాళ్ళు సినగాగ్‌కి వెళ్ళొచ్చా?

వెళ్ళొచ్చు, ముందుగా చెప్పి వెళ్ళాలి. 2008లో ముంబైలోని యూదు కేంద్రం నారిమన్ హౌస్ మీద దాడి జరిగాక సినగాగుల దగ్గర పోలీసు కాపలా ఉంటోంది. గుర్తింపు కార్డు అడుగుతారు, సంచి చూస్తారు. నొచ్చుకోవద్దు. మగవాళ్ళు తలమీద టోపీయో రుమాలో కప్పుకోవాలి, గుమ్మం దగ్గర టోపీల బుట్ట ఉంటుంది. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకోండి. చెప్పులు విప్పాలా వద్దా అన్నది ఊరిని బట్టి మారుతుంది. కొచ్చిలో విప్పాలి. షబ్బాత్‌నాడు ఫోన్ బయటికి తియ్యొద్దు, ఫొటోలు అసలే వద్దు, నోట్సు రాసుకోవద్దు.

మీరు మిన్యాన్ లెక్కలోకి రారు కాబట్టి తొమ్మిదిమంది ఉన్నచోట మిమ్మల్ని చూసి ఎవరైనా ఆశగా ‘మీరు యూదులా?’ అని అడిగితే కాదని వెంటనే చెప్పెయ్యండి. భోజనానికి ఉండమంటే ఉండండి. తినడం అయ్యాక గిన్నెలు సర్దబోతే ముందు అడగండి, మాంసం గిన్నెలూ పాల గిన్నెలూ వేర్వేరు అరల్లో పెడతారు.